ఓపెన్‌కాస్టు గనిలో డోజర్ నేర్చుకుంటున్నా: నేల చదునుగా రావట్లేదు, అలలు అలలుగా వస్తోంది

సత్తుపల్లి_కుర్రోడు

అందరికీ నమస్కారం. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాను. ఇప్పుడు సత్తుపల్లి దగ్గర ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఓబీ, అంటే బొగ్గు మీదున్న మట్టి తీసే ప్రైవేటు కాంట్రాక్టు కింద డోజర్ హెల్పర్‌ని. గ్రీజు కొట్టడం, డీజిల్ పట్టించడం, ఫిల్టర్లు మార్చడం నా పని. మా ఆపరేటర్ అన్న చాలా మంచివాడు. షిఫ్టు ఆఖర్లో టిప్పర్లు తగ్గాక, డంప్ (తీసిన మట్టి పోసే గుట్ట) మీద అంచుకి బాగా దూరంగా ఉన్న జాగాలో నన్ను కూర్చోబెట్టి నేర్పిస్తున్నాడు. బండి బీఈఎంఎల్ కంపెనీ పాత బీడీ155 డోజర్, లివర్లతో తిప్పే మోడల్.

కుప్ప తోయడం పర్వాలేదు. లెవెల్ చేయమంటేనే వస్తుంది కష్టం. మొదట కొంచెం దూరం బాగానే పోతుంది. తర్వాత బ్లేడు ఉన్నట్టుండి లోతుకి దిగుతుంది. కంగారుపడి లేపితే మట్టంతా అక్కడే వదిలేసి గట్టు కడుతుంది. చైను ఆ గట్టు ఎక్కగానే బండి ముక్కు పైకి లేస్తుంది, దిగగానే మళ్లీ గుంట. రెండోసారి తోలితే ఇంకా ఎక్కువవుతుంది. అన్న ఎక్కి ఒక్క ట్రిప్పులో సాపు చేసేస్తాడు. ఎలాగన్నా అంటే "చేతికి అదే వస్తుందిలే" అంటాడు.

ఇంకో రెండు సందేహాలు. దీనికి యాక్సిలరేటర్ బదులు, తొక్కితే స్పీడు తగ్గే డీసెలరేటర్ పెడల్ ఎందుకు? దిగువకి వస్తున్నప్పుడు ఎడమ లివర్ లాగితే బండి కుడికి తిరిగింది, ఇది నిజమేనా, బండిలో ఏదైనా లోపమా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఈపీ_ఆపరేటర్_రిటైర్డ్

తమ్ముడూ, నేను సింగరేణిలో సర్వీసంతా డోజర్ మీదే చేసి రిటైరయ్యాను. ఆ అలలు కొత్తగా ఎక్కిన ప్రతి ఒక్కరికీ వస్తాయి. ఎందుకు వస్తున్నాయో తెలిస్తే సగం పని అయినట్టే.

బ్లేడు చైనుకి ముందు ఉంటుంది. బండి బరువంతా చైను మీద ఆనుతుంది. చైను చిన్న గట్టు ఎక్కినా ముక్కు లేస్తుంది, ముక్కుతో పాటు బ్లేడూ లేస్తుంది, నువ్వు లివర్ ముట్టుకోకపోయినా సరే. గట్టు దాటి బండి ముందుకి వాలగానే బ్లేడు నేలలో దిగబడుతుంది. ఇప్పుడు నీ బ్లేడు కోసిన చోటే కాసేపటికి నీ చైను నడవాలి కదా. అంటే ఇక్కడ చేసిన గుంట కొంచెం ముందుకెళ్లాక నీ బండినే ఊపుతుంది. ఆ ఊపు బ్లేడుకి పోయి ఇంకో గుంట చేస్తుంది. నువ్వు బ్లేడు అంచు చూసి లివర్ కదుపుతున్నావు. బ్లేడు దిగిందని కంటికి కనపడేసరికే దిగిపోయి ఉంటుంది. నీ చెయ్యి ఎప్పుడూ ఆలస్యంగానే కదులుతుంది.

కాబట్టి నడుముతో నడపాలి. సీటులో కూర్చున్న నీకు ముక్కు లేవడం, వాలడం కంటికంటే ముందే తెలుస్తుంది. ముక్కు లేస్తున్నట్టు అనిపించిన క్షణానే బ్లేడు ఒక్క రవ్వ దించు. వాలబోతుందనగానే ఒక్క రవ్వ లేపు. రవ్వ అంటే లివర్‌ని వేలితో తట్టి వదిలేయడం. పట్టుకుని లాగడం కాదు. పెద్దగా లాగి, తప్పని మళ్లీ పెద్దగా తోసేవాడికి నేల ఎప్పటికీ సాపు కాదు. కళ్లేమో దూరాన పెట్టు. నాగలి పట్టినవాడు కర్రు వైపు చూస్తూ దున్నడు, సాలు చివర చూస్తాడు. అలాగే దూరంగా ఒక లైటు స్తంభమో, చెట్టో గుర్తు పెట్టుకో.

మొదట్లో ఒకటో గేరు దాటొద్దు. 155 ఒకటో గేరులో గంటకి 4 కిలోమీటర్ల లోపే పోతుంది, మనిషి నడకంత. ఆ వేగంలో ఆలోచించుకోవడానికి టైముంటుంది. మూడో గేరు 11, 12 కిలోమీటర్లు పోతుంది, అది ఖాళీగా నడిపేటప్పటి సంగతి.

ఇప్పటికే పడిన అలలు పోవాలంటే వాటికి ఎదురుగా తోలొద్దు. ఏటవాలుగా, కోణం పెట్టి తోలు. రెండు చైన్లూ ఒకేసారి గట్టు ఎక్కవు, బండి అంత ఊగదు. బ్లేడు నిండా మట్టి పట్టుకుని పో. ఖాళీ బ్లేడుతో గట్లు కోయొచ్చు గానీ గుంటలు దేనితో పూడుతాయి? మీ అన్న ఒక్క ట్రిప్పులో చేసేది ఇదే. చూసి ఉంటావు, ఆయన ముందు పక్కనున్న కుప్ప నుంచి బ్లేడు నింపుకుని వస్తాడు.

డీసెలరేటర్, దిగువ సంగతి సాయంత్రం రాస్తాను.

బెంచ్_ఇంజినీర్

పెద్దాయన చెప్పిన పద్ధతి బంగారం. నేను ఓపెన్‌కాస్టులో మైనింగ్ ఇంజినీర్‌ని. పని నేర్చుకునే ముందు కొన్ని విషయాలు అడుగుతాను తమ్ముడూ, కోపం తెచ్చుకోకు.

నీకు 1966 నాటి మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ కింద శిక్షణ అయిందా? హెల్పర్‌గా అయి ఉంటుంది, కానీ డోజర్ ఆపరేటర్‌గా వేరే. గనిలో పెద్ద మెషిన్ ఎవరు నడపాలో మేనేజర్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా సీటులో ఉన్నప్పుడు ఏదైనా జరిగితే నీకూ, నేర్పిన మీ అన్నకీ, ఫోర్‌మన్‌కీ అందరికీ చుట్టుకుంటుంది. నీ దగ్గర ఐటీఐ ఉంది. ట్రైనీ ఆపరేటర్‌గా పేరు రాయించమని మీ సూపర్‌వైజర్‌ని అడుగు. దొంగచాటుగా నేర్చుకోవాల్సిన పని కాదిది, అడిగి నేర్చుకునే హక్కున్న పని.

రెండోది ఇంకా ముఖ్యం. నువ్వు నడుపుతున్నప్పుడు మీ అన్న ఎక్కడ నిలబడతాడు?

సత్తుపల్లి_కుర్రోడు

పెద్దాయనా, ఏటవాలుగా తోలడం ఎవరూ చెప్పలేదు. రేపు అన్నని అడిగి అలాగే చూస్తాను.

అక్కా, హెల్పర్‌గా వీటీ (వొకేషనల్ ట్రైనింగ్) అయింది, మెడికల్ కూడా అయింది. ఆపరేటర్‌గా కాలేదు. సూపర్‌వైజర్‌తో మాట్లాడతాను. అన్న ఫెండర్ (చైను పైనున్న రేకు) మీద, క్యాబిన్ డోరు పక్కన రాడ్డు పట్టుకుని నిలబడతాడు. కేబిన్‌లో ఒక్కటే సీటు కదా.

బెంచ్_ఇంజినీర్

నేను భయపడింది అదే. డోజర్ గతుకు ఎక్కి దిగితే ఫెండర్ మీది మనిషి జారేది తిరుగుతున్న చైను మీదికే. ఆ బండి 30 టన్నుల పైచిలుకు. చైనుకి, ఫెండర్‌కి మధ్య ఇరుక్కుంటే నువ్వు బ్రేకు తొక్కేలోపే అయిపోతుంది. మీ అన్నకి ఎంత అనుభవం ఉన్నా అది ఆయన చేతిలో లేదు, నేర్చుకునే నీ చేతిలో ఉంది. ఆయన పక్కగా, నీకు పూర్తిగా కనపడే దూరంలో నేల మీద నిలబడాలి. చేతి సైగలు ముందే మాట్లాడుకోండి, వాకీటాకీ ఉంటే ఇంకా మంచిది. ఆయన కనపడకపోతే అదే క్షణం ఆగిపో. చెప్పాల్సింది ఎక్కువుంటే బండి ఆపి, బ్లేడు దించి, లాక్ వేసి, అప్పుడు ఎక్కమను.

ఈపీ_ఆపరేటర్_రిటైర్డ్

మేడం గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. మా కాలంలో అందరం ఫెండర్ మీద నిలబడే నేర్పించాం, నేర్చుకున్నాం. అలా నేర్చుకున్నామని అది మంచి పద్ధతి అయిపోదు. ఆపండి.

ఇప్పుడు డీసెలరేటర్. డోజర్ ఇంజిన్ పూర్తి స్పీడులో ఉంటేనే పని చేస్తుంది. మట్టి తోసేటప్పుడు బరువు క్షణక్షణం మారుతుంది, హైడ్రాలిక్ పంపుకీ ఇంజిన్ స్పీడు కావాలి. అందుకని ఫ్యూయల్ లివర్ పైకి పెట్టి అక్కడే ఉంచేస్తాం. తగ్గించాల్సి వచ్చినప్పుడు మాత్రం కాలితో డీసెలరేటర్ తొక్కుతాం. ముందుకీ వెనక్కీ గేరు మార్చేటప్పుడు, కుప్ప దగ్గరికి చేరుకునేటప్పుడు, బండరాయి ఎక్కి దిగేటప్పుడు. బండరాయి మీద బండి బ్యాలెన్సు అయి ముందుకి పడబోయే క్షణంలో తొక్కితే మెల్లగా వాలుతుంది. లేదంటే దబ్బున పడుతుంది, నీ నడుమూ పోతుంది, కింద రోలర్లూ పోతాయి.

ట్రాక్టరు, బైకు అలవాటున్న కాలు తొక్కితే స్పీడు పెరుగుతుందనుకుంటుంది. ఆగి ఉన్న బండిలో కూర్చుని డీసెలరేటర్, బ్రేకు రెండూ కాలికి అలవాటయ్యేదాకా తొక్కి చూసుకో.

దిగువ విషయం. నీ బండిలో లోపం లేదు, అది ఆ మోడల్ స్వభావం. లివర్ సగం లాగితే ఆ వైపు స్టీరింగ్ క్లచ్ మాత్రమే వదులుతుంది. పూర్తిగా లాగితే బ్రేకు కూడా పడుతుంది. సాపు నేల మీద సగం లాగితే ఎడమ చైనుకి పవర్ ఆగి కుడి చైను తోస్తుంది, బండి ఎడమకి తిరుగుతుంది. దిగువలో ఏమవుతుంది? బండిని నడిపేది ఇంజిన్ కాదు, వాలు. ఇంజిన్ పట్టి ఆపుతూ ఉంటుంది. ఎడమ క్లచ్ వదిలావంటే ఎడమ చైనుకి ఆ పట్టు పోయి అది జారుతూ ముందుకి పరుగెడుతుంది. కుడి చైను మాత్రం ఇంజిన్ పట్టులోనే ఉంటుంది. అందుకే కుడికి తిరుగుతుంది. దిగువలో తిప్పాల్సి వస్తే లివర్ పూర్తిగా లాగి బ్రేకు పడేలా చెయ్యి. అసలు కొత్తలో వాలు మీద తిప్పే పని పెట్టుకోకు. సూటిగా దిగు, సూటిగా ఎక్కు, తిప్పుడంతా సాపు మీద.

దమ్మామ్_డి8

పెద్దాయనకి నమస్కారం పెట్టి ఒక మాట. నేను సౌదీలో క్యాట్ డి8ఆర్ నడుపుతున్నాను, మాది జగిత్యాల. ఎంత దిగువలోనైనా ఎడమకి తిప్పితే ఎడమకే పోతుంది. ఉల్టా తిరగడం నేనెప్పుడూ చూడలేదు. పిల్లాడు కంగారులో కుడి లివర్ లాగి ఉంటాడేమో?

ఈపీ_ఆపరేటర్_రిటైర్డ్

తమ్ముడూ, నీ బండి డిఫరెన్షియల్ స్టీరింగ్. తిరిగేటప్పుడు కూడా రెండు చైన్లకీ పవర్ ఉంటుంది. ఒకటి ఎంత తగ్గితే రెండోది అంత పెరుగుతుంది. క్లచ్ వదలడం అనేదే లేదు, కాబట్టి ఉల్టా తిరగదు. కొత్త కొమాట్సు డి155ఏ-6 కూడా హైడ్రోస్టాటిక్ స్టీరింగే. పిల్లాడిది పాత క్లచ్-బ్రేక్ బండి. మీ ఇద్దరూ చూసింది నిజమే.

దమ్మామ్_డి8

అర్థమైంది పెద్దాయనా. నేను మొదటి నుంచీ జాయ్‌స్టిక్ బండ్ల మీదే ఉన్నాను. ఎడమ చేతితో ముందుకీ వెనక్కీ, గేరు, తిప్పడం, కుడి చేతితో బ్లేడు. పాత బండి నా చేతికి వస్తే ఇది తెలియకుండానే దిగువకి తోలేవాడిని.

తమ్ముడూ, ఏ బండి ఎక్కినా ముందు స్టీరింగ్ ఏ రకమో అడిగి ఎక్కు.

నరసరావుపేట_జేసీబీ

నేను జేసీబీ నడుపుతున్నాను, బకెట్ పని అంతా వచ్చు. డోజర్‌కి మారితే ఆ అనుభవం పనికొస్తుందా? మా దగ్గర చెరువు పూడిక, పొలం చదును పనులకి డోజర్ ఉన్నోడు రేటు బాగా చెబుతున్నాడు.

ఈపీ_ఆపరేటర్_రిటైర్డ్

హైడ్రాలిక్ చేతి అలవాటు పనికొస్తుంది. కానీ జేసీబీ వెనక బకెట్‌తో తవ్వేటప్పుడు బండి కాళ్లు దించి ఒకచోట నిలబడి ఉంటుంది. నేల కదలదు, బకెట్ కదులుతుంది. డోజర్‌లో నువ్వు కదులుతూనే కోయాలి, కోసిన నేల మీదే నడవాలి. అది కొత్తగానే నేర్చుకోవాలి. అద్దెకి తిప్పే ఆలోచన ఉంటే ట్రైలర్ ఖర్చు ముందు లెక్క వేసుకో. ఇనప చైన్ల డోజర్‌ని తారు రోడ్డు మీద తోలలేవు, ఊరు మారిన ప్రతిసారీ లోబెడ్ ట్రైలర్ కావాలి. ట్రైలర్ ర్యాంపు ఎక్కించేటప్పుడు మధ్యలో స్టీరింగ్ తిప్పావంటే పక్కకి జారుతుంది. కింద ఉన్నప్పుడే సూటిగా పెట్టుకుని ఎక్కాలి.

కేజీఎఫ్_చైన్‌సెట్

నేను కేజీఎఫ్‌లో ఉంటాను, మా ఇంట్లో తెలుగే. ఇక్కడి బీఈఎంఎల్ ఫ్యాక్టరీలోనే డోజర్లు తయారవుతాయి. నాది మాత్రం బయట అండర్‌క్యారేజ్ రిపేర్ పని. చైను, దాన్ని తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్, ముందుండే చక్రం ఐడ్లర్, రోలర్లు. ఆపరేటర్ ఎలాంటివాడో అతని మొహం చూడక్కర్లేదు, చైను చూస్తే చెప్పేస్తాను. డోజర్ మెయింటెనెన్సు ఖర్చులో సగం దాకా కింది భాగానికే పోతుందని మా లైనులో అందరికీ తెలుసు. అందుకే నేర్చుకునేటప్పుడే అలవాట్లు సరిగ్గా పడాలి.

ఎప్పుడూ ఒకే వైపు తిరిగేవాడి బండికి ఆ వైపు అరుగుదల వేరేగా ఉంటుంది. కుడి, ఎడమ మార్చి తిరుగు. వెనక్కి వచ్చేటప్పుడు ఖాళీగానే ఉన్నాం కదా అని పై గేరులో పరుగెత్తిస్తారు. రివర్స్‌లో చైను లింకుల్లోని బుష్‌కీ స్ప్రాకెట్ పన్నుకీ మధ్య రాపిడి ముందుకి పోయేటప్పటికంటే ఎక్కువ. స్పీడు రివర్స్ వల్లే బుష్‌లు తొందరగా పోతాయి. ఇంకోటి, మట్టి ఎక్కువై చైను ఒకచోటే గిర్రున తిరుగుతుంటే అలాగే తిరగనివ్వకు. బ్లేడు రవ్వ లేపు, పట్టు దొరుకుతుంది. చైను తిరిగినంతసేపూ షూ ప్లేట్లు అరుగుతూనే ఉంటాయి, మట్టి మాత్రం ఒక్క అంగుళం కదలదు.

నువ్వు హెల్పర్‌వి కాబట్టి నీ చేతిలో ఉన్న పని ఒకటి చెప్తాను. చైను ఎంత వదులుగా సాగి ఉందో రోజూ చూడు. కొంచెం ముందుకి తోలి మెల్లగా ఆపు. ముందు ఐడ్లర్‌కీ పైనున్న క్యారియర్ రోలర్‌కీ మధ్య చైను మీద వంకర లేని కర్ర పొడుగ్గా పెట్టు. కర్రకీ, మధ్యలో కిందికి వేలాడిన చైనుకీ ఎంత సందు ఉందో కొలువు. కొమాట్సు తరహా బండ్లలో 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. నీ బండి మాన్యువల్లో ఏముందో అదే ఫైనల్. ముందు చైనులో ఇరుక్కున్న మట్టి గీకి తీసెయ్యి, లేకపోతే కొలత తప్పు వస్తుంది. వానాకాలం నల్లరేగడిలో మట్టి స్ప్రాకెట్ పళ్ల మధ్య గట్టిగా పేరుకుని, సరిగ్గా ఉన్న చైను కూడా తీగలాగా బిగుసుకుంటుంది. షిఫ్టు దిగేటప్పుడు తడిగా ఉండగానే పారతో తీసేస్తే పది నిమిషాల పని. తెల్లారేదాకా ఎండితే గడ్డపార కావాలి.

చైను బిగించాలంటే దాన్ని బిగించే సిలిండర్ నిప్పిల్‌కి గ్రీజు కొట్టడమే. వదులు చేయాలంటే మాత్రం జాగ్రత్త. ఆ సిలిండర్ లోపల గ్రీజు విపరీతమైన ప్రెషర్‌లో ఉంటుంది. ప్లగ్గుని ఒక్క చుట్టుకి మించి వదులు చేయొద్దు, మొహం దానికి ఎదురుగా పెట్టొద్దు. ప్లగ్గు ఊడి వచ్చిందంటే తూటాలాగే వస్తుంది.

సత్తుపల్లి_కుర్రోడు

అన్నా, మా బండికి ఎడమ చైను ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది. మట్టి వల్లేనేమో, రేపు శుభ్రం చేసి కొలుస్తాను.

సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. ట్రైనీగా పేరు పంపిస్తానన్నాడు, టిప్పర్ లైసెన్సు జిరాక్సు అడిగాడు. అన్న కూడా ఇప్పుడు కిందే నిలబడుతున్నాడు. ఏటవాలుగా తోలితే గట్లు నిజంగానే తగ్గాయి. బ్లేడు నింపుకుని పోయాను, గుంటలు వాటంతటవే పూడుతున్నాయి. ఇంకా పూర్తి సాపు రాలేదు.

డంప్ అంచు దగ్గర మట్టి తోసే పని ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

బెంచ్_ఇంజినీర్

సంతోషం తమ్ముడూ. అంచు పని ఇప్పుడే వద్దు, ట్రైనీగా నీ పేరు నమోదయ్యాక, మీ అన్న పక్కన ఉండగా. ఎలా చేస్తారో మాత్రం ఇప్పటి నుంచే చూస్తూ ఉండు.

అంచు దాకా మట్టి తీసుకెళ్లి బ్లేడు బయటికి వచ్చేలా తోయకూడదు. మట్టిని అంచుకి ముందే వదిలేసి వెనక్కి రావాలి. తర్వాతి ట్రిప్పు మట్టి ఆ కుప్పని తోస్తుంది. కుప్ప కుప్పని కిందికి నెడుతుంది, బండి లోపలే ఉంటుంది. అంచున ఎప్పుడూ ఒక వరస మట్టి కట్ట మిగలాలి. రాత్రి షిఫ్టులో టిప్పర్ డ్రైవర్‌కి రివర్స్‌లో తెలిసే హద్దు అదే. కొంతమంది శుభ్రంగా కనపడాలని ఆ కట్ట కూడా తోసేస్తారు. అది శుభ్రం కాదు, ప్రాణాలతో చెలగాటం.

ఇంకా చూడాల్సింది పగుళ్లు. పోసిన మట్టి కొత్తది, కింద గట్టి నేల లేదు. అంచుకి సమాంతరంగా నేల మీద చీలిక కనపడిందంటే ఆ ముక్క జారడానికి సిద్ధంగా ఉన్నట్టే. వాన పడ్డాక మొదటి షిఫ్టులో బండి ఎక్కే ముందు నడిచి చూడాలి. చీలిక ఉంటే ఓవర్‌మన్‌కి (గనిలో షిఫ్టు చూసే అధికారి) చెప్పి, ఆ భాగానికి టిప్పర్లు రాకుండా అడ్డం పెట్టించాకే మిగతా పని.

సీటు బెల్టు. బండి పల్టీ కొడితే కాపాడేది కేబిన్ చుట్టూ ఉన్న రోప్స్ (ఆర్‌ఓపీఎస్) ఫ్రేము, అంటే పల్టీ కొట్టినా నలగని గట్టి చట్రం. బెల్టు పెట్టుకున్నవాడు ఫ్రేము లోపల ఉంటాడు. దూకినవాడు ఫ్రేము కింద ఉంటాడు.

కోల్‌యార్డ్_డోజర్

థర్మల్ స్టేషన్ కోల్ యార్డులో చేస్తున్నాను కాబట్టి ఒక మాట కలుపుతాను. బొగ్గు కుప్ప మీద పని ఓబీ డంప్‌కంటే వేరు. కింద రిక్లెయిమ్ హాపర్ (బొగ్గు దిగే గరాటు) ఉంటుంది, ఫీడర్ మెషిన్ బొగ్గుని కింద నుంచి లాగుతూ ఉంటుంది. పైన బొగ్గు తడిసి గట్టిపడితే కింద ఖాళీ అయిపోయినా పైకప్పు మాత్రం నిలబడి ఉంటుంది. చూడటానికి చదునుగానే ఉంటుంది. దాని మీదికి డోజర్ వెళ్తే కూలిపోయి బండితో సహా లోపలికి పోతుంది. ఫీడర్ నడుస్తుంటే పైన గుంట పడాలి. పడలేదంటే కింద బోలుగా ఉన్నట్టు. కంట్రోల్ రూముకి చెప్పి ఫీడర్ ఆపించి దూరంగా ఉండాలి. గని వదిలి పవర్ ప్లాంటుకి వచ్చే ఆపరేటర్లకి ఇది మొదటి రోజే చెప్పాలి. చాలాచోట్ల చెప్పరు.

నరసరావుపేట_జేసీబీ

అమ్మో, ఇది వినలేదన్నా. గల్ఫ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఏజెంటు ఒకాయన డోజర్ వీసా ఉందంటున్నాడు.

దమ్మామ్_డి8

వీసా కాగితంలో ఏ పని రాసుందో చదివించుకో. డోజర్ ఆపరేటర్ అని నోటితో చెప్పి, కాగితంలో లేబర్ అని ఉంటే జీతమూ లేబర్‌దే ఇస్తారు. మా జిల్లాలో ఎంతమంది ఇలా ఇరుక్కున్నారో చెప్పలేను. ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడొచ్చు. విదేశీ ఉద్యోగాలకి తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, మీ ఆంధ్ర వైపు ఓమ్‌క్యాప్ ఉంది. ముందు అక్కడ అడుగు. పదో తరగతి పాసై ఉంటే పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేనిది) వస్తుంది. లేకపోతే ఈసీఆర్ (తనిఖీ అవసరమైనది) కింద గల్ఫ్‌కి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. అది మన మంచికే పెట్టారు, దాన్ని తప్పించి విజిట్ వీసా మీద పంపిస్తానన్నవాడి గడప తొక్కొద్దు.

ఇక్కడికి వచ్చాక పెద్ద ప్రాజెక్టుల్లో బండి మీద పరీక్ష పెడతారు. సర్టిఫికెట్ ఇచ్చే బయటి కంపెనీ మనిషి వచ్చి కూర్చుంటాడు. బండి ఎక్కే ముందు చుట్టూ తిరిగి చూశావా, రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యీ ఎప్పుడూ బండిని ఆనించి ఉంచి బండి వైపు మొహం పెట్టి ఎక్కావా, హారన్ కొట్టావా, ఆపాక బ్లేడు దించావా, ఇవే ముందు చూస్తాడు. మట్టి ఎంత తోశావన్నది ఆ తర్వాత.

సత్తుపల్లి_కుర్రోడు

అందరికీ దండాలు. సేవ్ చేసి పెట్టుకుంటున్నాను.

చైను శుభ్రం చేసి కొలిచాను కేజీఎఫ్ అన్నా. ఎడమ వైపు 22 మిల్లీమీటర్లు వచ్చింది. మట్టి వల్లే బిగుసుకుంది. గ్రీజు సిలిండర్ ముట్టుకోలేదు.

పెద్దాయనా, చివరి ప్రశ్న. అన్న ఫినిషింగ్‌లో బ్లేడు దించేసి, లివర్ ముందుకంటా తోసి వదిలేసి వెనక్కి వస్తాడు. అది ఫ్లోట్ అంటున్నాడు. నేను అలలు పోవడానికి మొదటి నుంచీ అదే చేస్తే సులువు కదా?

ఈపీ_ఆపరేటర్_రిటైర్డ్

వద్దు. ఫ్లోట్‌లో బ్లేడుని పైకి గానీ కిందికి గానీ హైడ్రాలిక్ పట్టుకోదు. బ్లేడు తన బరువు మీద తాను నేల ఎలా ఉంటే అలా పాకుతూ వస్తుంది. పైన మిగిలిన సన్న గీతలు, చైను అచ్చులు చెరిపేస్తుంది. కానీ నేలలో అల ఉంటే బ్లేడు ఆ అలనే పట్టుకుని లేస్తూ దిగుతూ వస్తుంది. పైకి నున్నగా కనపడుతుంది, టిప్పర్ ఎక్కితే కుదుపు అలాగే ఉంటుంది. ముందు కోసి, నింపి సాపు చేయాలి. ఫ్లోట్ ఆఖరి ట్రిప్పుకి. ముందుకి పోయేటప్పుడు పొరపాటున ఫ్లోట్‌లో వదిలేయకు, రాయి తగిలితే బ్లేడు ఎగిరి పడుతుంది.

లెవెలింగ్ కొంచెం చేతికొచ్చాక గాడి పెట్టి తోయడం నేర్చుకో. ప్రతి ట్రిప్పూ ఒకే గాడిలో పోతే రెండు పక్కల మట్టి గట్లు గోడలుగా నిలబడతాయి, బ్లేడు పక్కల నుంచి మట్టి జారిపోదు, ప్రతి ట్రిప్పుకీ ఎక్కువ మట్టి వస్తుంది. కోత మొదలుపెట్టేది పోసే చోటుకి దగ్గర నుంచి. అక్కడ కోసి తోసేశాక ఒక్కో ట్రిప్పుకీ వెనక్కి జరుగుతూ కొయ్యి. అలా చేస్తే ముందు భాగం ఎప్పుడూ తెరిచి ఉంటుంది, వాలు కూడా నీకు అనుకూలంగా పడుతుంది. దిగువకి తోస్తే బండి బరువు కూడా నీతో కలిసి తోస్తుంది. దూరం 100 మీటర్లు దాటిందంటే డోజర్‌తో తోయించడం డీజిల్ దండగ, అక్కడ లోడర్, టిప్పర్ పెట్టమని మీ సూపర్‌వైజర్‌కి చెప్పాలి.

రిప్పర్ (బండి వెనక నేల చీల్చే కొమ్ము) సంగతి ఇప్పుడే అడగకు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, కొమ్ము నేలలో ఉండగా బండి తిప్పకూడదు, వెనక్కీ రాకూడదు. మీ అన్న రాళ్ల బెంచ్ (గనిలో మెట్టులా కోసిన చోటు) మీదికి వెళ్లిన రోజు దూరంగా నిలబడి చూడు. కొమ్ము లేపాకే రివర్స్ వేస్తాడు.